పాత కారు డిస్ట్రిబ్యూటర్: ఏ పార్టు మార్చాలి, దేన్ని కదపకూడదు

పాత కార్లున్న ఇద్దరు కలిస్తే కాసేపటికి ఇగ్నిషన్ మాట రాక తప్పదు. "ఇంకా పాయింట్లతోనే నడుపుతున్నావా? ఎలక్ట్రానిక్ పెట్టేయ్, పీడా పోతుంది" అంటారు ఒకరు. "ఇన్నేళ్లు నడిచినదాన్ని ఎందుకు కెలకడం?" అంటారు ఇంకొకరు. ఇద్దరూ ఖాయంగానే మాట్లాడతారు. కానీ స్పార్క్‌ని ఒక్కో సిలిండర్‌కి వంతులవారీగా పంచే డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, లోపలి షాఫ్ట్‌ని రెండు వేళ్లతో ఊపి చూసి మాట్లాడేవాళ్లు తక్కువ.

నా లెక్కలో ఎంపిక అక్కడే మొదలవుతుంది. పాయింట్లా (స్పార్క్ కోసం కరెంటుని కలిపి తెంచే లోహపు బిళ్లల జంట), వాటి బదులు పెట్టే ఎలక్ట్రానిక్ మాడ్యూలా, క్యాప్ (డిస్ట్రిబ్యూటర్ మూత) ఏ రకం అన్నవి ఆ తర్వాతి ప్రశ్నలు. ఆ ఊపే పని ముందు చేయకుండా కొన్న పార్టులు నా దగ్గర ఒక డబ్బా నిండా ఉన్నాయి.

ముందు షాఫ్ట్ సంగతి

ఇగ్నిషన్ ఆఫ్ చేసి, బ్యాటరీ ఎర్త్ తీగ ఊడదీయండి. క్యాప్ క్లిప్పులు విప్పండి. ప్లగ్ వైర్లు తీయక్కర్లేదు, వాటితో సహా క్యాప్‌ని పక్కకు వాలిస్తే చాలు. చాలా రకాల్లో షాఫ్ట్ తల మీద కూర్చుని తిరిగే రోటార్‌ని పట్టుకుని పైకి లాగితే వచ్చేస్తుంది, కొన్నింటికి స్క్రూలు ఉంటాయి. ఇప్పుడు షాఫ్ట్ తలని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని పక్కలకు నెట్టండి. పైకీ కిందికీ కొద్దిగా కదలడం మామూలే. ఒక దిక్కుకు కాస్త తిప్పి వదిలితే స్ప్రింగు లాగినట్టు వెనక్కి రావాలి. వస్తే స్పీడు పెరిగేకొద్దీ స్పార్క్‌ని ముందుకు జరిపే లోపలి అడ్వాన్స్ వెయిట్లు బిగుసుకుపోలేదని అర్థం. కానీ పక్కకు ఊగి వేలికి 'టక్' మని తగిలిందంటే షాఫ్ట్‌ని పట్టి ఉంచే బుష్ అరిగిపోయింది.

ఈ చిన్న ఊపుకి ఇంత గొడవ ఎందుకంటే, పాయింట్ల గ్యాప్ చాలా కార్లలో 0.4 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. దళసరి విజిటింగ్ కార్డు మందం అంత. షాఫ్ట్ పక్కకు 0.1 మిల్లీమీటరు ఊగినా ఆ గ్యాప్‌లో పావు వంతు అటూ ఇటూ అయిపోతుంది. ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు ఫీలర్ గేజ్ పెట్టి మీరు ఎంత కచ్చితంగా సెట్ చేసినా, తిరిగేటప్పుడు ఆ గ్యాప్ ఉండదు. ఒక సిలిండర్‌కి ముందు, ఇంకోదానికి ఆలస్యంగా స్పార్క్ పడుతుంది. ఐడిలింగ్ నిలవదు. మనం మాత్రం కార్బ్యురేటర్ మీద నెపం వేసి దాన్ని విప్పడం మొదలుపెడతాం.

డ్వెల్ మీటర్ (పాయింట్లు మూసుకుని ఉండే కోణాన్ని డిగ్రీల్లో చూపేది) ఉంటే ఇంకో పరీక్ష ఉంది. ఇంజిన్ ఐడిలింగ్‌లో ఒకసారి, మెల్లగా రేజ్ చేస్తూ ఒకసారి రీడింగ్ చూడండి. తేడా మూడు డిగ్రీలు దాటితే షాఫ్ట్‌నో, పాయింట్లు కూర్చునే ప్లేటునో అనుమానించాలి.

మూత తీసినప్పుడే, ఇంజిన్ పీల్పుతో టైమింగ్‌ని (స్పార్క్ పడే వేళని) ముందుకు జరిపే వాక్యూమ్ డబ్బాని కూడా చూసేయండి. దాని పైపుని కార్బ్యురేటర్ వైపు ఊడదీసి నోటితో గాలి లాగి, నాలుకతో మూసి పట్టుకోండి. లోపల ప్లేటు కదిలి, కదిలినచోటే నిలవాలి. వెంటనే వెనక్కి జారితే డయాఫ్రమ్ అనే లోపలి పలచటి పొర చిరిగినట్టే. ఇది చిరిగినా కారు బాగానే స్టార్ట్ అవుతుంది, బాగానే నడుస్తుంది. మెల్లగా ఒకే స్పీడులో పోయేటప్పుడు మైలేజీ మాత్రం తగ్గుతుంది. అందుకే ఏళ్ల తరబడి ఎవరికీ తెలియదు.

క్యాప్, రోటార్: పారేసే ముందు ఒకసారి

రోటార్ కొన క్యాప్‌లోని పిన్నులకు తగలదు. మధ్యలో కొంచెం ఖాళీ ఉంటుంది, ఆ ఖాళీని దూకుతూ స్పార్క్ వెళుతుంది. క్రాంక్ షాఫ్ట్ రెండు చుట్లు తిరిగితే ఇది ఒక చుట్టు తిరుగుతుంది, ఆ ఒక్క చుట్టులో ప్రతి సిలిండర్‌కి ఒక దూకుడు. కాబట్టి పిన్నుల అంచులు కాస్త కాలి బూడిదరంగుకి మారడం జబ్బు కాదు, పని చేసిన గుర్తు. అది చూసి కంగారుపడి మంచి క్యాప్‌ని పారేసేవాళ్లు ఎక్కువ.

నిజంగా పారేయాల్సినవి వేరు. క్యాప్ లోపల పెన్సిల్‌తో గీసినట్టు సన్నటి నల్లగీత, చెట్టు వేరులా చీలుతూ ఒక పిన్ను నుంచి ఇంకోదానికో, అంచుకో పాకి ఉంటే అది కార్బన్ గీత. గోటితో గీకినా పోదు, పోయినట్టు కనిపించినా రెండు రోజుల్లో మళ్లీ వస్తుంది. ఎందుకంటే ఆ ప్లాస్టిక్కే కాలి బొగ్గయింది. పగులు కూడా అంతే. మధ్యలో ఉండే కార్బన్ ముక్కని వేలితో నొక్కితే లోపలికి పోయి మళ్లీ బయటికి రావాలి. రాకపోయినా, విరిగినా క్యాప్ మార్చాల్సిందే.

ఎండలో బాగా నడిచి, వానకో తేమకో మొరాయించే కారు అయితే చీకట్లో బానెట్ తెరిచి ఇంజిన్ ఆన్ చేసి, దూరంగా నిలబడి చూడండి. క్యాప్ మీదా వైర్ల మీదా నీలంగా సన్నటి వెలుగు చిందులు తొక్కుతుంటే కరెంటు ఎక్కడ కారిపోతోందో కంటికే కనిపిస్తుంది. చేయి మాత్రం పెట్టకండి, అక్కడ ఇరవై ముప్ఫై వేల వోల్టులు ఉంటాయి.

కొత్త క్యాప్ కొనేటప్పుడు ఇత్తడి పిన్నులా, అల్యూమినియం పిన్నులా అన్నది మొదటి ప్రశ్న. అల్యూమినియం మీద తెల్లటి పొడి పేరుకుంటుంది, తేమ ఉన్నచోట ఇంకా తొందరగా. రెండు రకాలూ దొరికితే నేను ఇత్తడిదే తీసుకుంటాను, దీనిలో ఆలోచించేది పెద్దగా లేదు.

రోటార్ విషయంలో మాత్రం ఆలోచించాలి. పైనున్న లోహపు రేకుని ప్లాస్టిక్‌కి రివెట్‌తో బిగించిన రకాలు ఉన్నాయి. ఆ రివెట్ కింద ప్లాస్టిక్ పలచగా ఉంటే స్పార్క్ ప్లగ్ దాకా పోకుండా నేరుగా షాఫ్ట్‌లోకి దిగిపోతుంది. ఇంజిన్ వేడెక్కాక ఉన్నట్టుండి ఆగిపోయి, చల్లారాక ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అయ్యే కార్లలో ఇదొక కారణం. రివెట్ లేకుండా రేకుని ప్లాస్టిక్‌లోనే పోతపోసిన రోటార్ దొరికితే అదే మేలు. కొన్ని రోటార్ల లోపల రెసిస్టర్ ఉంటుంది, సుమారు 5 కిలో ఓమ్‌లు. కొన్నింటికి ఉండదు. పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి ఎత్తు, కొన పొడవు, మల్టీమీటర్ రీడింగ్ మూడూ సరిపోల్చుకున్నాకే పాతదాన్ని వదలండి.

క్యాప్, రోటార్ రెండూ ఒకే కంపెనీవి, ఒకేసారి మార్చడం మంచిది. ఆ దూకే ఖాళీ ఎంతుండాలన్నది రెండింటి కొలతల మీదా ఆధారపడి ఉంటుంది.

పాయింట్లు, కండెన్సర్: జంటగా మార్చాలా?

మెకానిక్కులు సీబీ (కాంటాక్ట్ బ్రేకర్) పాయింట్ అనే ఈ పద్ధతిని చార్లెస్ కెటరింగ్ 1910 ప్రాంతంలో క్యాడిలాక్ కార్ల కోసం పనికొచ్చే రూపానికి తెచ్చాడు. ఆ తర్వాత దాదాపు అరవై ఏళ్లు పెట్రోలు కార్లన్నీ చాలావరకు దీనిమీదే నడిచాయి. పాయింట్లు మూసుకుని ఉన్నంతసేపు వోల్టేజీని వేలల్లోకి పెంచే కాయిల్‌లోకి కరెంటు ఎక్కుతుంది, విడిపోయిన క్షణంలో స్పార్క్ పుడుతుంది. విడిపోయేటప్పుడు పాయింట్ల మధ్యనే మంట రాకుండా ఆపేది కండెన్సర్.

కొత్త పాయింట్లు వేస్తే కొత్త కండెన్సర్ కూడా వేయాలనేది పాత సలహా. నేను దాన్ని ఇప్పుడు పాటించను. ఒకసారి రెండూ కొత్తవి వేసి బయల్దేరాను. ఇరవై నిమిషాలకు ఇంజిన్ దగ్గడం మొదలుపెట్టి, ఇంకో ఐదు నిమిషాలకు నడిరోడ్డు మీద ఆగింది. పెట్రోలు చూశాను, ప్లగ్గులు చూశాను, పాయింట్లు మళ్లీ సెట్ చేశాను. చివరికి జేబులో ఉండిపోయిన పాత కండెన్సర్ బిగిస్తే సగం సెల్ఫ్‌కే అందుకుంది. కొత్తది చల్లగా ఉన్నప్పుడు మీటర్‌లో సరిగ్గానే చూపించింది, వేడికి లోపల తెగుతోంది. అప్పటి నుంచి పాత కండెన్సర్ బాగుంటే దాన్నే ఉంచుతాను. కొత్తది కొంటే స్పేర్‌గా కారులో పెట్టుకుంటాను.

బాగుందో లేదో పాయింట్లే చెబుతాయి. ఇంజిన్ తిరుగుతున్నప్పుడు పాయింట్ల దగ్గర చిన్న నీలి మెరుపు ఉంటే ఫర్వాలేదు. పసుపుగా, తెల్లగా పెద్ద మెరుపులు వస్తున్నా, కొత్త పాయింట్లు కొద్ది రోజులకే నల్లగా మాడిపోతున్నా కండెన్సర్ పని అయిపోయింది. ఒక పాయింట్ మీద మొటిమ, ఎదురుదాని మీద గుంట ఏర్పడుతుంటే కండెన్సర్ విలువ ఆ కాయిల్‌కి సరిపోవడం లేదేమో చూడాలి. మామూలుగా ఇది 0.2 మైక్రోఫారడ్‌ల దగ్గర ఉంటుంది.

పాయింట్ల సెట్‌లో అందరూ చూసేది మెరిసే టంగ్‌స్టన్ బిళ్లల్ని. నేను చూసేది క్యామ్‌కి (షాఫ్ట్ మీద మొనలున్న భాగానికి) ఒరుసుకునే చిన్న దిమ్మని. అది మెత్తటి నాసిరకం ప్లాస్టిక్ అయితే మొదటి కొన్ని వందల కిలోమీటర్లలోనే అరిగిపోతుంది. దిమ్మ అరిగితే గ్యాప్ తగ్గుతుంది, గ్యాప్ తగ్గితే పాయింట్లు ఆలస్యంగా విడిపోతాయి, టైమింగ్ వెనక్కి జారుతుంది. బండి రోజురోజుకీ బరువెక్కినట్టు ఉంటుంది. కాబట్టి ఎంత మంచి సెట్ వేసినా ఐదారు వందల కిలోమీటర్ల తర్వాత ఒకసారి మూత తీసి గ్యాప్ చూడాలి. క్యామ్ మీద అగ్గిపుల్ల తలంత గ్రీజు రాయండి. అంతకన్నా ఎక్కువ రాస్తే చిమ్మి పాయింట్ల మీదే పడుతుంది.

సెట్ చేసేటప్పుడు దిమ్మ క్యామ్ మొనమీదికి వచ్చేదాకా ఇంజిన్‌ని చేత్తో తిప్పాలి. స్క్రూ పూర్తిగా వదులు చేయకుండా, ప్లేటు కష్టంగా జరిగేంత మాత్రమే వదలండి. ఫీలర్ గేజ్ ఆకు వెన్నలోంచి లాగినట్టు కొద్దిగా పట్టుకుంటూ రావాలి. తర్వాత స్క్రూ బిగించి మళ్లీ కొలవండి, ఎందుకంటే బిగించేటప్పుడే అది జరుగుతుంది. కొత్త బిళ్లల మీద తుప్పు పట్టకుండా పూసిన పలచటి పొర ఉండొచ్చు. స్పిరిట్‌లో తడిపిన గట్టి కాగితం ముక్కని మధ్యలో పెట్టి రెండుసార్లు లాగితే పోతుంది. పాత పాయింట్లని ఎమెరీ కాగితంతో రుద్దకండి, ఆ ఇసుక బిళ్లలో దిగబడుతుంది. రుద్దాలంటే సన్నటి పాయింట్ ఆకురాయి వాడాలి.

మొటిమ లేచిన పాత పాయింట్ల మధ్య ఫీలర్ గేజ్ అబద్ధం చెబుతుంది. అక్కడ డ్వెల్ మీటరే దిక్కు. ఎంత డ్వెల్ అన్నది మాత్రం పక్కింటి కారుని చూసి పెట్టకూడదు. లూకాస్ కంపెనీ నాలుగు సిలిండర్ల డిస్ట్రిబ్యూటర్లలోనే 25డీ4కి 60 డిగ్రీలు, దాని తర్వాత వచ్చిన 45డీ4కి 51 డిగ్రీలు. చూపుకి ఒకేలా ఉంటాయి రెండూ. ఎనిమిది సిలిండర్ల షెవర్లే ఇంజిన్‌లో ఇది 30 డిగ్రీల దగ్గరే ఉంటుంది.

ఎలక్ట్రానిక్ మాడ్యూల్: ఏమిస్తుంది, ఏమివ్వదు

కంపెనీలే పాయింట్లని వదిలేశాయి. క్రైస్లర్ 1973 నాటికి అమెరికాలో తన కార్లన్నింటికీ ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టేసింది, మిగతావాళ్లూ అదే దారి పట్టారు. పాత డిస్ట్రిబ్యూటర్‌లో పాయింట్లు తీసి ఆ చోటే బిగించే కిట్లు ఇప్పుడు చాలా మోడళ్లకు దొరుకుతున్నాయి. క్యామ్ మీద అయస్కాంతాలున్న రింగు తొడిగి, పాయింట్ల చోట అయస్కాంతాన్ని పసిగట్టే హాల్ సెన్సర్ పెట్టే రకం ఎక్కువ. వెలుతురు కిరణాన్ని రెక్కతో అడ్డగించే ఆప్టికల్ రకం ఇంకోటి. రెండూ బాగా పనిచేస్తాయి, కాకపోతే ఆప్టికల్ కన్ను మీద నూనె, మసి చేరకుండా చూసుకోవాలి.

దీనివల్ల వచ్చే అసలు లాభం ఒక్కటే: ఒరుసుకునేది ఏదీ లేదు కాబట్టి టైమింగ్ పెట్టినచోటే ఉంటుంది. స్పార్క్ బలం దానంతట అదే రెట్టింపవదు, ఆ బలం కాయిల్‌ది. "పికప్ అదిరిపోయింది" అని చెప్పేవాళ్ల కార్లలో చాలావరకు అంతకుముందు పాయింట్లు అరిగి, టైమింగ్ జారి ఉంటాయి. వాటికి కొత్త పాయింట్లు వేసినా అలాగే అదిరేది.

షాఫ్ట్ కొంచెం ఊగే డిస్ట్రిబ్యూటర్‌లో పాయింట్లకన్నా మాడ్యూలే మెరుగు. హాల్ సెన్సర్‌కి పక్క ఊపు అంత పట్టదు. కానీ దీన్ని మందు అనుకోవద్దు. అరిగిన బుష్ అరుగుతూనే ఉంటుంది, ఒకరోజు రింగు వెళ్లి సెన్సర్‌కే రాసుకుంటుంది.

మాడ్యూల్ బిగించేవాళ్లు తప్పు చేసేది కాయిల్ దగ్గర. కాయిల్ రెండు చిన్న టెర్మినల్స్ మధ్య మల్టీమీటర్ పెట్టండి. 3 ఓమ్‌ల దగ్గర చూపిస్తే అది కరెంటు తగ్గించే బలాస్ట్ రెసిస్టర్ బయట అక్కర్లేని కాయిల్. 1.5 ఓమ్‌ల దగ్గర చూపిస్తే బయట రెసిస్టర్‌తో నడవాల్సినది. కిట్ కాగితంలో ఎంత తక్కువ రెసిస్టెన్స్ వరకు ఒప్పుకుంటుందో రాసి ఉంటుంది. అంతకన్నా తక్కువ ఉన్న కాయిల్ పెడితే మాడ్యూల్ వేడెక్కి పోతుంది. అలాగే చాలా కిట్లకు పూర్తి 12 వోల్టులు కావాలి, బలాస్ట్ దాటొచ్చిన తగ్గిన వోల్టేజీ కాదు. ఎర్రతీగ, నల్లతీగ ఒక్క క్షణం తారుమారైనా చాలా మాడ్యూళ్లు బతకవు. పాజిటివ్ ఎర్త్ ఉన్న (బ్యాటరీ ప్లస్ కొనని బాడీకి కలిపిన) మరీ పాత కార్లకు కిట్టే వేరు. ఇంజిన్ ఆపి తాళం ఆన్‌లోనే వదిలేసి పాటలు వినే అలవాటుంటే మానుకోవాలి, కొన్ని రకాలు ఆ వేడికే చచ్చిపోతాయి.

ఇంకొకటి ప్లగ్ వైర్లు. లోపల ఒట్టి రాగితీగ ఉన్న వైర్లు మాడ్యూల్‌తో పడవు, వాటి రేడియో గోల సెన్సర్‌ని తికమకపెడుతుంది. కార్బన్ కోర్ లేదా సప్రెషన్ రకం వైర్లు వేయాలి. కిట్ ఖర్చు లెక్కేసుకునేటప్పుడు అవసరమైతే కాయిల్, వైర్లు కూడా కలుపుకోండి.

పాయింట్లకున్న ఒక సుగుణం మాడ్యూల్‌కి లేదు. పాయింట్లు చెప్పి పోతాయి: మిస్సింగ్, స్టార్టింగ్ ట్రబుల్, మెల్లగా నీరసం. రోడ్డు పక్కన ఆకురాయితో రెండు గీతలు గీస్తే ఇంటికి చేరుస్తాయి. మాడ్యూల్ పోయిన రోజు ఒకేసారి పోతుంది.

మొత్తం డిస్ట్రిబ్యూటరే మార్చాల్సి వస్తే

షాఫ్ట్ గట్టిగా ఊగుతుంటే దారులు మూడు: పాతదానికే కొత్త బుష్‌లు వేయించడం, ఎవరో బాగుచేసి అమ్మేది కొనడం, కొత్త నకలు కొనడం. బుష్ పని ఇంట్లో చేసేది కాదు, నొక్కి ఎక్కించి కొలతకు కోయాలి. లేత్ ఉన్నచోట చేయించుకోవాలి. అయినా నా ఓటు దానికే. ప్రతి ఇంజిన్‌కీ, స్పీడు పెరిగేకొద్దీ టైమింగ్ ఎంత ముందుకు జరగాలో కంపెనీ ఒక లెక్క పెట్టింది. ఆ లెక్క లోపలి వెయిట్లలో, స్ప్రింగుల బిగువులో ఉంది. "అన్నింటికీ సరిపోతుంది" అని అమ్మే నకలులో ఎవరి లెక్క ఉందో తెలియదు. కొండెక్కేటప్పుడు ఇంజిన్ లోపల గోలీలు దొర్లినట్టు చప్పుడు మొదలైతే అప్పుడు తెలుస్తుంది. పాత బాడీ పగిలిపోయిందంటే తప్ప దాన్ని ఎక్స్‌ఛేంజ్‌కి ఇచ్చేయకండి.

బయటికి తీసేటప్పుడు రోటార్ ఎటు చూస్తోందో, బాడీ ఇంజిన్‌కి ఎలా ఆనిందో రెండుచోట్లా గీతలు పెట్టుకుని ఫోటో తీసుకోండి. ఏటవాలు పళ్ల గేరుతో నడిచే రకం అయితే పైకి లాగేటప్పుడు రోటార్ కొంత తిరుగుతుంది. ఎంత తిరిగిందో కూడా గుర్తుపెట్టుకుని, పెట్టేటప్పుడు అక్కడి నుంచి మొదలుపెడితే మొదటి గీత దగ్గరకు వచ్చి కూర్చుంటుంది. అది బయట ఉన్నంతసేపు ఇంజిన్‌ని ఎవరూ తిప్పకూడదు. తాళం జేబులో వేసుకోండి.

నేనైతే

షాఫ్ట్ గట్టిగా ఉండి, కారు వారానికోసారి బయటికి తీసేదైతే మంచి పాయింట్లు వేసి, పాత కండెన్సర్ ఉంచి, క్యాప్ బాగుంటే తుడిచి పెట్టేస్తాను. రోజూ నడిపే కారైతే, వేరేవాళ్లు కూడా నడుపుతుంటే, మూత తీసే ఓపిక నాకు లేకపోతే మాడ్యూల్. షాఫ్ట్ కొంచెం ఊగుతూ, బుష్ పనికి ఇప్పుడే వీలు కాకపోతే కూడా మాడ్యూలే, కానీ ఒక ఏడాది గడువు పెట్టుకుంటాను. షాఫ్ట్ బాగా ఊగుతుంటే ఏ కొత్త పార్టూ కొనను, డబ్బంతా బుష్‌ల మీదే.

ఏది ఎంచుకున్నా అన్నీ ఒకే రోజు మార్చకండి. క్యాప్, రోటార్ మార్చి స్టార్ట్ చేసి చూడండి, తర్వాత పాయింట్లో మాడ్యూలో. ఐదు పార్టులు ఒకేసారి మార్చాక కారు కదలకపోతే తప్పు ఎక్కడుందో వెతకడానికి అయిదు చోట్లుంటాయి. వైర్లని పాత క్యాప్ నుంచి కొత్తదానికి ఒక్కొక్కటిగా మార్చండి, తీగని కాదు రబ్బరు తొడుగుని పట్టుకుని లాగండి. రోటార్ కింద ఫెల్ట్ ముక్క ఉంటే దానిమీద రెండు చుక్కల ఇంజిన్ ఆయిల్.

గ్యాప్ మారితే టైమింగ్ మారుతుంది కాబట్టి టైమింగ్ ఎప్పుడూ చివరి పని. స్పార్క్ పడ్డప్పుడల్లా మెరిసే స్ట్రోబ్ లైట్ క్లిప్పు ఒకటో నంబరు వైరుకి తగిలించి, మాన్యువల్ చెబితే వాక్యూమ్ పైపు ఊడదీసి కొన మూసేసి, ఐడిలింగ్‌లో పుల్లీ గీత చూడండి. లైటు లేకపోయినా, పాయింట్లున్న నెగెటివ్ ఎర్త్ కారైతే 12 వోల్టుల చిన్న బల్బు చాలు. ఒక తీగ కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కి వెళ్లే టెర్మినల్‌కి, ఇంకోటి ఎర్త్‌కి పెట్టి ఇగ్నిషన్ ఆన్ చేయండి. ఒకటో సిలిండర్ కంప్రెషన్ మీద ఉండగా పుల్లీ గీతని మాన్యువల్ చెప్పిన డిగ్రీ దగ్గర నిలిపి, క్లాంపు వదులు చేసి బాడీని ముందు రోటార్ తిరిగే దిక్కుకి బల్బు ఆరేదాకా తిప్పండి. తర్వాత మెల్లగా ఎదురు దిక్కుకి తిప్పుతూ, బల్బు వెలిగిన క్షణంలో ఆపి క్లాంపు బిగించేయండి.